సెంట్రల్ స్టేషన్ పక్కనే: నెల్లూరు, ఒంగోలు నుంచి వెళ్లి విక్టోరియా హాల్, రిపన్ బిల్డింగ్ చూసి రావడం ఎలా

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చెన్నై వెళ్లే వాళ్లలో ఎక్కువమంది ఆసుపత్రి పని మీదో, పెళ్లి బట్టలకో వెళతారు. సెంట్రల్‌లో దిగి ఆటో ఎక్కేస్తారు. స్టేషన్‌కి కూతవేటు దూరంలో, రోడ్డుకి అదే వైపున, ఒకదాని పక్కన ఒకటిగా రెండు మేడలున్నాయి. ఎర్ర ఇటుకలది పాత మద్రాసు టౌన్‌హాలు, అంటే విక్టోరియా పబ్లిక్ హాల్. తెల్లది రిపన్ బిల్డింగ్, చెన్నై కార్పొరేషన్ కార్యాలయం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరుకీ ఒంగోలుకీ రాజధాని ఈ ఊరే. గంటన్నర కేటాయిస్తే రెండూ తీరిగ్గా చూడొచ్చు.

ముందు రైలు సంగతి. నెల్లూరు నుంచి సెంట్రల్ సుమారు 177 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి 290 పైచిలుకు. పెన్న పేరు పెట్టుకున్న పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి అదే రైల్లో తిరిగొద్దామని చాలామంది లెక్క వేసుకుంటారు. అది కుదరదు. ఆ రైలు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో చేరి, రెండు దాటగానే తిరిగి బయలుదేరుతుంది. కాస్త ఆలస్యమైతే ఆ గంట కూడా మిగలదు. తెల్లవారుజామున నెల్లూరు దాటే రైలు పట్టుకుని, సాయంత్రం బండికి తిరుగు టికెట్ తీసుకోండి. కొన్ని రైళ్లు సెంట్రల్‌కి రాకుండా పెరంబూరు మీదుగానో, ఎగ్మోరుకో వెళతాయి, టికెట్ కొనేటప్పుడే దిగే స్టేషన్ పేరు చూసుకోండి. సూళ్లూరుపేట వైపు వాళ్లకి లోకల్ రైలే సుఖం. అది ఆగే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి బయటికొస్తే విక్టోరియా హాల్ పక్కనే. బస్సులో వచ్చి కోయంబేడులో దిగితే అక్కడినుంచి సెంట్రల్‌కి నేరుగా మెట్రో ఉంది.

చేతిలో సంచులుంటే సెంట్రల్‌లోని క్లోక్‌రూమ్‌లో పెట్టేయండి. ప్రయాణం టికెట్ చూపించాలి, ప్రతి సంచికీ తాళం ఉండాలి. తాళం లేని సంచిని తీసుకోరు, అక్కడికక్కడ తాళం కోసం పరుగెత్తాల్సి వస్తుంది. ఇంటి నుంచే చిన్న తాళాలు రెండు తెచ్చుకోండి. స్టేషన్ గుమ్మంలో ఆటోవాళ్లు పిలుస్తారు, ఎక్కొద్దు. స్టేషన్‌ని వెనక్కి పెట్టి రోడ్డు మీదికొచ్చి కుడివైపు తిరిగితే ఐదారు నిమిషాల నడక. దారి అడగాల్సొస్తే ‘రిప్పన్ మాళిగై’ అనండి, తమిళులకు అది తెలిసిన పేరు.

మొదట వచ్చేది విక్టోరియా హాల్. దీనికి 1883 డిసెంబరు 17న శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు. విక్టోరియా రాణి పాలనకు 1887లో యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఆమె పేరు పెట్టారు. గీసింది రాబర్ట్ చిషోమ్, కట్టింది నంబెరుమాళ్ చెట్టి. లోపలికి తొందరపడకుండా ముందు ప్రహరీ దగ్గర నిలబడి గోపురం పైకప్పు చూడండి. కింద గోపురం చతురస్రంగా, ఇటలీ పద్ధతిలో లేస్తుంది. దాని నెత్తిన మాత్రం కేరళ గుళ్ల మీద కనిపించే లాంటి వాలు టోపీ కూర్చుంది. తర్వాత చూరు కింది అంచు వెంట చూపు నడపండి. కాల్చిన మట్టితో చేసిన పట్టీ ఒకటి అరబ్బీ రాతలా మెలికలు తిరుగుతూ పోతుంది. కింది నుంచి అది వట్టి గీతల్లా ఉంటుంది, ఫోన్‌లో జూమ్ చేసి చూస్తేనే పనితనం తెలుస్తుంది.

తెలుగువాళ్లు ఈ హాలుకి వెళ్లడానికి ఇంకో కారణం ఉంది. 1891లో బళ్లారి సరసవినోదినీ సభ వాళ్లు ధర్మవరం రామకృష్ణమాచార్యుల సారథ్యంలో ఇక్కడ తెలుగు నాటకాలు ఆడారు. వాటిని చూసిన ఉత్సాహంతోనే తమిళ నాటకకర్త పమ్మల్ సంబంధ ముదలియార్ అదే ఏడాది సుగుణ విలాస సభ అనే నాటక సంఘం పెట్టారు. తమిళ నాటకం కొత్త దారి పట్టింది అక్కడే. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు ప్రసంగించింది కూడా ఈ హాల్లోనే. చాలా ఏళ్లు మూతపడి ఉన్న ఈ భవనానికి కార్పొరేషన్ పెద్ద ఎత్తున మరమ్మతులు చేయించింది. లోపలికి ఏ రోజుల్లో, ఏ వేళల్లో రానిస్తారో బయలుదేరే ముందురోజు కార్పొరేషన్ వెబ్‌సైటులో చూసుకోండి.

ఇక రిపన్ బిల్డింగ్. స్థానిక పాలన ప్రజల చేతికి రావాలని 1882లో తీర్మానం చేయించిన వైస్రాయ్ రిపన్ పేరు దీనిది. 1909లో పునాది, 1913లో ప్రారంభం. మూడంతస్తులు, 85 మీటర్ల పొడవు, 43 మీటర్ల గడియారం గోపురం. ఇటుక, సున్నం, పైన టేకు దూలాలు. నేల అంతస్తులో మొదట పరిచింది కడప రాయి, ఇప్పుడున్న పాలరాయి తర్వాత వచ్చింది.

ఫోటో దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. గేటు ముందే నిలబడి తీస్తారు, గోపురం తప్ప రెండు రెక్కలూ పడవు. ముఖం మొత్తం రావాలంటే ఫోన్ అడ్డంగా పట్టుకుని కనీసం 60 మీటర్లు వెనక్కి వెళ్లాలి. అంటే రోడ్డు దాటి అవతలి పేవ్‌మెంట్ మీదికి. రోడ్డు మీద అడ్డంగా పరుగెత్తొద్దు, సబ్‌వే ఉంది. భవనం దక్షిణ ముఖం కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో పగలంతా ముఖం మీద ఎండ పడుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండ నడినెత్తికొచ్చి గోడ చప్పగా కనిపిస్తుంది. అప్పుడు వెళ్లేవాళ్లు సాయంత్రం దీపాలు వేసేదాకా ఆగడం మంచిది.

గోపురం మీది గడియారం పావుగంటకోసారి మోగే రకం. 1913లో ఓక్స్ కంపెనీ బిగించింది, రోజూ తాళం తిప్పాలి. పావుకి గంటల పాటలో ఒక చరణం, అరకి రెండు, ముప్పావుకి మూడు, గంటకి నాలుగు చరణాలు పూర్తిగా. కాబట్టి గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందే గోపురం కిందికి చేరండి. అవతలి పేవ్‌మెంట్ నుంచి బస్సుల హోరులో ఏమీ వినపడదు.

లోపలికెళ్లడం వేరే విషయం. ఇది పని జరుగుతున్న ఆఫీసు. వెళితే సోమవారం నుంచి శుక్రవారం లోపే, పదిన్నర తర్వాత వెళ్లాలి. ఆధార్ దగ్గరుంచుకోండి. కౌన్సిల్ సమావేశం ఉన్న రోజున కాపలా గట్టిగా ఉంటుంది, గేటు దగ్గరే ఆపేస్తారు. మన సంక్రాంతికే వాళ్లకి పొంగల్, ఆ వారం అసలు వద్దు. లోపల ఫోటో తీసే ముందు అడగండి. పిల్లల్ని తీసుకెళ్లే స్కూళ్లు రెండు మూడు వారాల ముందే కమిషనర్ పేర ఇంగ్లీషులో లేఖ రాయాలి: తేదీ, ఎంతమంది, వెంట వచ్చే టీచర్లెవరు, ఫోన్ నంబరు. ఆ లేఖ నకలు చేతిలో లేకుండా నలభై మంది పిల్లలతో గేటు ముందు నిలబడితే వెనక్కి రావాల్సిందే.

అనుమతి దొరక్కపోయినా ముందున్న పిట్టి త్యాగరాయ చెట్టి విగ్రహం చూడకుండా రావద్దు. తెలుగు దేవాంగుల కుటుంబంలో పుట్టి, మద్రాసు కార్పొరేషన్‌కి ఎన్నికైన తొలి అధ్యక్షుడాయన. మనం చీరలకెళ్లే టీ నగర్ ఆయన పేరిటిదే, త్యాగరాయ నగర్.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం కబురుంటే ప్రయాణం వాయిదా వేయండి. గూడూరు, చెన్నై మధ్య పట్టాల మీదికి నీళ్లొస్తే సాయంత్రం బండి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మామూలు రోజుల్లో మాత్రం రైలుకి ముప్పావుగంట ముందు రిపన్ దగ్గర కదిలితే చాలు. క్లోక్‌రూమ్ దగ్గర వరుస ఉంటుంది, రసీదు జేబులోనే ఉంచుకోండి.