ఆరేళ్ల చెరువు పని ప్రొఫైల్‌లోకి ఎక్కాక

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద ఆరేళ్లుగా టెక్నీషియన్‌గా చేస్తున్నాను. వేరే ఉద్యోగం కోసం లింక్డ్‌ఇన్‌లో ఎన్ని అప్లికేషన్లు పెట్టినా ఒక్క ఫోనూ రాలేదు. సంక్రాంతికి వచ్చిన మా బావ నా ప్రొఫైల్ చూసి, "ఒరేయ్, ఇది చూస్తే నువ్వేం పని చేస్తావో ఎవరికైనా తెలుస్తుందా?" అన్నాడు.

నిజమే. పేరు కింద 'హార్డ్ వర్కర్, ఉద్యోగం కావాలి' అని ఉంది. ఫొటో పెళ్లిలో దిగింది.

ముందు ఆ హెడ్‌లైన్ మార్చాను. 220 అక్షరాల దాకా రాసుకోవచ్చు. వనామీ రకం రొయ్యల సాగు, నీటి పరీక్షలు, వ్యాధుల నివారణ అని ఇంగ్లిష్‌లో పెట్టాను; రిక్రూటర్లు వెతికేది ఇలాంటి మాటలతోనే. మా యాజమాన్యానికి తెలుస్తుందేమోనని టెన్షన్ ఉండేది. అందుకే ఉద్యోగం వెతుకుతున్నానని చూపే 'ఓపెన్ టు వర్క్'ను రిక్రూటర్లకే కనిపించేలా పెట్టాను. దానికి పూర్తి గ్యారంటీ లేదని లింక్డ్‌ఇనే చెబుతుంది.

అసలు తేడా పోస్టులతో వచ్చింది. ఒకరోజు తెల్లవారుజామున ఆకివీడు వైపు ఒక చెరువులో రొయ్యలు పైకి తేలిపోతున్నాయి. మీటర్ పెడితే నీటిలో ఆక్సిజన్ 2.5 పీపీఎమ్మే, చాలా తక్కువ. ఎండ లేనప్పుడు నీటిలోని ప్లాంక్టన్ (కంటికి కనపడనంత చిన్న జీవులు) కూడా ఆక్సిజన్ పీల్చేస్తుంది కాబట్టి, తెల్లారేసరికి అది బాగా పడిపోతుంది. నీటిలో గాలి కలిపే ఏరేటర్లన్నీ వేయించి, ఆ పూట మేత ఆపించాను. రైతును అడిగే, ఆయన పేరు లేకుండా, మీటర్ ఫొటోతో పది లైన్లు రాశాను.

రెండు నెలలకు రొయ్య పిల్లల్ని ఉత్పత్తి చేసే ఒక హేచరీ మేనేజర్ గారు మెసేజ్ పెట్టారు. ఇంటర్వ్యూలో అరగంటసేపు ఆ చెరువు గురించే అడిగారు.