యూనిట్ విస్తరించినా, వేరే చోటికి మార్చినా సబ్సిడీ రావాలంటే ఫైల్ ఎలా కట్టాలి?

షెడ్డు చాలక పెద్ద స్థలానికి మారేవారు, పక్కనే కొత్త లైన్ వేసేవారు, హైదరాబాద్ కాలనీల మధ్య నుంచి ఓఆర్ఆర్ అవతలికి వెళ్లేవారు, అందరూ చేసే తప్పు ఒకటే. ముందు స్థలం చూస్తారు, షెడ్డు వేస్తారు, యంత్రాలు దించుతారు. ఉత్పత్తి మొదలయ్యాక ఎవరో చెబితే సబ్సిడీ గుర్తొస్తుంది. అప్పుడు బిల్లుల కోసం బీరువాలు వెతుకుతారు. సగం దొరకవు. దొరికినవాటిలో కొన్ని యజమాని సొంత పేరు మీద ఉంటాయి, కొన్నింటికి డబ్బు చేతికిచ్చి ఉంటారు. తర్వాత ఆఫీసు మీద కోపం. ఆ ఫైల్‌ను ఏ అధికారీ బాగు చేయలేడు. సబ్సిడీ ఫైల్ మొదలు కావాల్సింది యంత్రానికి అడ్వాన్స్ ఇవ్వకముందే.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా తెలంగాణ పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌కు 2024-29 కాలానికి వేరే ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) పాలసీ ఉంది, అంకెలు వేరు. ఫైల్ కట్టే పద్ధతి మాత్రం రెండు చోట్లా పెద్దగా మారదు.

రిజిస్ట్రేషన్లు

వీటి మీద ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు. ఉద్యమ్, అంటే కేంద్రం ఇచ్చే ఎంఎస్ఎంఈ గుర్తింపు రిజిస్ట్రేషన్, ఉచితం. ఆధార్, పాన్, జీఎస్టీ ఉన్నవారికి ఆ నంబర్ చాలు, కాగితాలేవీ అప్‌లోడ్ చేయక్కర్లేదు. దానికి డబ్బు అడిగేవారి దగ్గరికి వెళ్లొద్దు. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు పెరిగాయి. యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ 10 కోట్ల వరకు సూక్ష్మ పరిశ్రమ. 25 కోట్లు, 100 కోట్ల వరకు చిన్న పరిశ్రమ. కాబట్టి విస్తరిస్తే చిన్న పరిశ్రమ హోదా పోతుందేమోనని చాలామంది పడే భయానికి ఇప్పుడు ఆధారం లేదు.

కొత్త చోటికి అనుమతులన్నీ ఐపాస్ పోర్టల్‌లోనే, అంటే రాష్ట్ర ప్రభుత్వ సింగిల్ విండోలోనే పెట్టండి. 2014 నాటి ఐపాస్ చట్టం ప్రకారం మెగా ప్రాజెక్టులకు 15 రోజుల్లో, మిగిలినవాటికి 30 రోజుల్లో అనుమతులు తేల్చాలి. పొల్యూషన్ బోర్డు సీఎఫ్ఈ (యూనిట్ పెట్టడానికి సమ్మతి), ప్లాన్ అప్రూవల్, కరెంటు, అన్నీ అక్కడి నుంచే. ఒక్కో ఆఫీసుకూ విడివిడిగా తిరిగి తెచ్చుకుంటే త్వరగా అవుతుందనేవారు ఉంటారు. వినొద్దు. పోర్టల్‌లో ప్రతి అనుమతికీ తేదీ పడుతుంది, రేపు మీ ఫైల్‌కు ఆ తేదీలే సాక్ష్యం.

ఏ పథకమో ముందే తేల్చుకోండి

తెలంగాణ పారిశ్రామిక రాయితీలకు మూల పాలసీ అయిన టీ-ఐడియా 2014లో సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు స్థిర పెట్టుబడిపై 15 శాతం, గరిష్ఠంగా 20 లక్షల రాయితీ ఉంది. మహిళా పారిశ్రామికవేత్తలకు అదనంగా 10 శాతం, 10 లక్షల వరకు. ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తల కోసం టీ-ప్రైడ్ కింద 35 శాతం, 75 లక్షల వరకు. వీటితోపాటు స్టాంప్ డ్యూటీ వాపసు, కరెంటు యూనిట్‌కు రూపాయి చొప్పున రాయితీ, వడ్డీ రాయితీ ఉన్నాయి. 2014 తర్వాత మార్పులు వచ్చాయి, 2024లో కొత్త ఎంఎస్ఎంఈ పాలసీ కూడా వచ్చింది. అందుకే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి, మీ యూనిట్‌కు ప్రస్తుతం వర్తించే జీవో ఏదో అడిగి, దాన్ని ప్రింట్ తీసి చదవండి. ఫోన్లో చదవొద్దు. కాగితం మీద, పక్కన పెన్ను పెట్టుకుని, గడువు రాసిన ప్రతి లైన్ కింద గీత గీయండి.

కేంద్రం వైపు, ఇంతకుముందు పీఎంఈజీపీ (స్వయం ఉపాధి యూనిట్లకు సబ్సిడీ లోన్ పథకం) లేదా ముద్ర లోన్ తీసుకుని పూర్తిగా తీర్చేసినవారికి విస్తరణ కోసం రెండో లోన్ ఉంది. తయారీకి కోటి, సేవలకు 25 లక్షల వరకు, 15 శాతం సబ్సిడీతో. గత మూడేళ్లుగా యూనిట్ లాభాల్లో ఉండాలి. పచ్చళ్లు, పిండి మిల్లు, నూనె గానుగ వంటి చిన్న ఆహార యూనిట్లకు పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకం కింద 35 శాతం సబ్సిడీ, 10 లక్షల వరకు. తాకట్టు లేకుండా బ్యాంకు లోన్ ఇవ్వడానికి వెనకాడితే సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ (చిన్న పరిశ్రమల లోన్‌కు బ్యాంకుకు ట్రస్టు ఇచ్చే హామీ) గురించి అడగండి, 2025 ఏప్రిల్ నుంచి దాని పరిమితి 10 కోట్లు. ఒకే యంత్రం మీద రెండు చోట్ల పెట్టుబడి సబ్సిడీ మాత్రం అడగొద్దు, రెండూ ఇరుక్కుంటాయి. యంత్రాల ఆధునికీకరణకు 15 శాతం సబ్సిడీ ఇచ్చిన కేంద్ర పథకం సీఎల్‌సీఎస్ఎస్ 2020 మార్చితో ముగిసింది. పాత వీడియోలు చూసి దాన్ని ఇంకా లెక్కలో వేసుకునేవారు నాకు తరచూ తగులుతుంటారు.

పాత యూనిట్ ఎంతో ముందే కాగితం మీద పెట్టండి

విస్తరణ అని ఊరికే అంటే సరిపోదు. పాత పెట్టుబడి మీద కనీసం 25 శాతం కొత్తగా పెట్టాలి, ఉత్పత్తి సామర్థ్యమూ ఆ మేరకు పెరగాలి అనేది టీ-ఐడియా నిబంధన. పాత పెట్టుబడి 40 లక్షలైతే కొత్తది 10 లక్షలకు తగ్గకూడదు. ఆ 40 లక్షలు ఎక్కడ రాసి ఉన్నాయి? ఇక్కడే చాలామంది నీళ్లు నములుతారు.

విస్తరణ మొదలుపెట్టే ముందు ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజుకు యూనిట్‌లో ఉన్న ప్రతి యంత్రం పేరు, సామర్థ్యం, కొన్న ఏడాది, పుస్తకాల్లో ఉన్న విలువ రాసి సీఏ చేత సంతకం చేయించండి. మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, కరెంటు బిల్లులు జత చేయండి. షెడ్డు లోపల ఫొటోలు తీయండి. కొత్త యంత్రాలు దిగాక పాత పరిస్థితిని రుజువు చేయడం దాదాపు అసాధ్యం. అధికారి కళ్ల ముందు కనిపించేది కలిసిపోయిన షెడ్డే.

యంత్రం, బిల్లు, చెల్లింపు

ఇక అసలు కష్టం. నేను చూసిన ఫైళ్లలో కోతలు పడేది, వెనక్కి వచ్చేది దాదాపు ప్రతిసారీ ఇక్కడే. అందుకే దీన్ని నెమ్మదిగా చదవండి.

షెడ్డులో కనిపించే యంత్రం, దాని బిల్లు, ఆ బిల్లుకు బ్యాంకు నుంచి వెళ్లిన డబ్బు, ఈ మూడూ ఒకే పేరుతో, ఒకే మొత్తంతో, సరైన వరస తేదీల్లో ఉండాలి. మూడింటిలో ఒకటి తప్పితే ఆ యంత్రం పెట్టుబడి లెక్క నుంచి పోతుంది. చిన్న విస్తరణలో ఒక యంత్రం పోతే 25 శాతం గీత కిందికి జారి మొత్తం క్లెయిమే పోవచ్చు.

పేరుతో మొదలుపెట్టండి. బిల్లు మీద యూనిట్ పేరు, ఉద్యమ్‌లో, జీఎస్టీలో ఉన్నట్టే అక్షరం మారకుండా ఉండాలి. 'శ్రీ వెంకటేశ్వర ఇండస్ట్రీస్' ఒక చోట, 'ఎస్‌వీ ఇండస్ట్రీస్' ఒక చోట ఉంటే ఆఫీసులో కొర్రీ పడుతుంది. యంత్రం ఎక్కడ దిగుతుందో ఆ కొత్త చిరునామా బిల్లులో రాయించండి. పాత చిరునామాకు బిల్లు వేసి సరుకు కొత్త షెడ్డుకు పంపితే, ఆ యంత్రం ఎక్కడిదో చెప్పడానికి మీరు అఫిడవిట్ల మీద పడాల్సి వస్తుంది.

తర్వాత యంత్రం వివరం. 'మెషినరీ - 1 సెట్' అని రాసిన బిల్లును సప్లయర్‌కు తిప్పి పంపేయండి. మోడల్, సామర్థ్యం, సీరియల్ నంబర్ ఉండాలి. యంత్రం దిగిన రోజే నేమ్ ప్లేట్‌ను దగ్గర నుంచి ఫొటో తీయండి, నంబర్ బిల్లుతో కలుస్తుందో లేదో అక్కడే చూడండి. ఫిట్టర్లు యంత్రాన్ని గోడకు ఆనించి, నేమ్ ప్లేట్ వెనక్కి వెళ్లేలా పెట్టేస్తారు. పెయింటర్ దాని మీదే రంగు వేసేస్తాడు. ఇన్‌స్పెక్షన్ రోజు అధికారి వంగి టార్చి కొట్టి చూస్తే అంకెలు కనిపించవు. అందుకే యంత్రం బిగించేటప్పుడు మీరో, మీ సూపర్‌వైజరో పక్కనే నిలబడండి. ఇది ఫిట్టర్‌కు వదిలే పని కాదు.

చెల్లింపు. ఒక్క రూపాయి కూడా నగదుగా ఇవ్వొద్దు. ఆస్తి కొనుగోలుకు ఒకరికి ఒక రోజులో 10,000 రూపాయలు మించి నగదుగా ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో కూడా ఆ మొత్తం ఆస్తి విలువలో చేరదు. రెండు వైపులా నష్టమే. యజమాని సొంత ఖాతా నుంచి, బావమరిది ఫోన్‌పే నుంచి కట్టడం కూడా మానండి. బ్యాంకు టర్మ్ లోన్ ఉంటే బ్యాంకు నుంచి నేరుగా సప్లయర్‌కే వెళ్లాలి. మార్జిన్ డబ్బు, అంటే మీ వంతు పెట్టుబడి, ముందు యూనిట్ కరెంట్ ఖాతాలోకి వచ్చి, అక్కడి నుంచి వెళ్లాలి. విస్తరణ కోసం విడిగా ఒక కరెంట్ ఖాతా తెరవండి. ఇది జీవోలో లేదు, అయినా తెరవాల్సిందే. రోజువారీ జీతాలు, ముడిసరుకు చెల్లింపుల మధ్య ఒక్కో యంత్రం డబ్బు వెతకడం ఏ అధికారికీ ఓపిక ఉండే పని కాదు. విడి ఖాతా ఉంటే రెండు పేజీల స్టేట్‌మెంట్‌లో కథంతా కనిపిస్తుంది.

బిల్లు మొత్తానికీ చెల్లించిన మొత్తానికీ తేడా వస్తే, డిస్కౌంట్ కానివ్వండి, రవాణా కానివ్వండి, సప్లయర్ దగ్గర క్రెడిట్ నోట్ లేదా ఖాతా స్టేట్‌మెంట్ అప్పుడే తీసుకోండి. ఏడాది తర్వాత అడిగితే ఫోన్ ఎత్తరు. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్న జీఎస్టీని పెట్టుబడిలో కలపొద్దు. సెకండ్ హ్యాండ్ యంత్రాల మీద పరిమితులున్నాయి, వాటి విలువ ఫారంలో విడిగా అడుగుతారు. దాచిపెట్టి కొత్తవాటిలో కలిపితే ఫైల్ మొత్తం మీద నమ్మకం పోతుంది.

ఇక అమరిక. కన్సల్టెంట్లు చాలామంది బిల్లులన్నీ తేదీ వరసలో పెట్టి స్పైరల్ బైండింగ్ చేయిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, పనికి రాదు. అధికారి యంత్రం ముందు నిలబడి దాని బిల్లు అడిగితే పేజీలు తిప్పుతూనే ఉండాలి. పైగా ఒక కాగితం మార్చాలంటే బైండింగ్ విప్పాలి. యంత్రం వారీగా కట్టండి. ఒక యంత్రానికి ఒక ప్లాస్టిక్ కవరు. అందులో కొటేషన్, ఆర్డర్, బిల్లు, ఈ-వే బిల్లు, బ్యాంకు ఎంట్రీ, నేమ్ ప్లేట్ ఫొటో. కవరు మీద నంబర్ వేసి, యంత్రం మీద కూడా అదే నంబర్ పెయింట్ చేయించండి. ఇలా కట్టిన ఫైల్‌తో ఇన్‌స్పెక్షన్ సాఫీగా సాగుతుంది, మధ్యలో ఎవరికీ టెన్షన్ ఉండదు.

తరలించేవారికి

పాత యంత్రాలు కొత్త చోటికి మారినంత మాత్రాన కొత్త పెట్టుబడి కాదు. రాయితీ కొత్తగా పెట్టినదానికే. ఆ రెండూ కలిసిపోకుండా చూసుకోవడమే మీ పని. పాత యంత్రాల తరలింపు డెలివరీ చలాన్‌పై, సీరియల్ నంబర్లతో జరగాలి. సరుకు విలువ 50,000 దాటితే సొంత యంత్రాలైనా ఈ-వే బిల్లు తప్పదు. దారిలో లారీ ఆపితే బయటపడేసేది అదే. ఫైల్‌లో పాత యంత్రాలు ఇవీ అని చూపించేది కూడా అదే.

జీఎస్టీలో చిరునామా మార్పు 15 రోజుల్లో పెట్టాలి, తర్వాత ఉద్యమ్ సరిచేసుకోవాలి. తెలంగాణ నుంచి ఆంధ్రకో, అటు నుంచి ఇటో వెళ్తే చిరునామా మార్పు చాలదు, కొత్త జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి, యంత్రాల బదిలీ మీద పన్ను లెక్క కూడా వస్తుంది. లారీ ఎక్కించకముందే సీఏతో కూర్చోండి.

ఉత్పత్తి మొదలైన తేదీ, దరఖాస్తు

వాణిజ్య ఉత్పత్తి మొదలైన తేదీ నుంచి ఆరు నెలల్లో క్లెయిమ్ పెట్టాలి. ఆ తేదీకి సాక్ష్యం మొదటి అమ్మకం బిల్లు. దానికి ముందే కరెంటు లోడ్ విడుదలై, పొల్యూషన్ బోర్డు సీఎఫ్ఓ (యూనిట్ నడపడానికి సమ్మతి) చేతిలో ఉండాలి. ట్రయల్ రన్‌లో వచ్చిన సరుకును తొందరపడి అమ్మేసి బిల్లు వేస్తే గడువు గడియారం ఆ రోజు నుంచే తిరుగుతుంది. అనుమతులన్నీ వచ్చాకే మొదటి బిల్లు కొట్టండి. కొట్టిన రోజే గోడ మీద క్యాలెండర్‌లో ఐదో నెల చివరి రోజును చుట్టి పెట్టండి. ఆరో నెల పోర్టల్ పని చేయని రోజుల కోసం.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. తర్వాత ఇండస్ట్రియల్ ప్రమోషన్ ఆఫీసర్ వచ్చి యంత్రాలు చూస్తారు. ఆ రోజు యజమాని యూనిట్‌లో ఉండాలి, యంత్రాలు నడుస్తూ ఉండాలి. నివేదిక కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళ్తుంది, పెద్దవి రాష్ట్ర స్థాయి కమిటీకి. కొర్రీ రాసి పంపితే ఫోన్లో వివరణ ఇచ్చి ఊరుకోవద్దు, లిఖితంగా జవాబిచ్చి రసీదు తీసుకోండి.

మంజూరు పత్రం వచ్చిందంటే డబ్బు వచ్చినట్టు కాదు. విడుదల బడ్జెట్ మీద, వరుస క్రమం మీద ఆధారపడుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ మంజూరై ఏళ్ల తరబడి ఆగిన బకాయిలు ఉన్నాయి. పీఎంఈజీపీలోనైతే సబ్సిడీ సొమ్ము నిర్ణీత గడువు వరకు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి ఆ తర్వాతే లోన్‌కు సర్దుబాటవుతుంది. కాబట్టి లోన్ వాయిదాలు సబ్సిడీ లేకుండానే కట్టగలరా అని లెక్క వేసి, కట్టగలిగితేనే విస్తరించండి. కట్టలేకపోతే ఒక యంత్రం తగ్గించండి. ఈలోగా బ్యాంకు ఖాతా మార్చినా, భాగస్వామి మారినా, యూనిట్ పేరు మారినా వెంటనే జిల్లా పరిశ్రమల కేంద్రానికి రాసివ్వండి. విడుదల జాబితాలో పేరు వచ్చాక ఖాతా కలవక డబ్బు వెనక్కి వెళ్లిన యూనిట్లను చూశాను, మళ్లీ వరుసలోకి రావడానికి వాళ్లు పడ్డ పాట్లు కూడా.