కొవ్వు తింటే కడుపు తేడా చేస్తోందా? తప్పు బాక్టీరియాదేనా?

కొవ్వు పడట్లేదు అనగానే చాలామంది నేరుగా ప్రోబయాటిక్ (మేలు చేసే బాక్టీరియా ఉన్న మందు) కొనేస్తారు. కానీ తిన్న కొవ్వును అరిగించే పని బాక్టీరియాది కాదు. కాలేయం నుంచి వచ్చే పైత్యరసం దాన్ని సన్నటి బిందువులుగా విడగొడుతుంది, క్లోమంలో (పాంక్రియాస్) తయారైన లైపేజ్ ఎంజైము ముక్కలు చేస్తుంది, చిన్న పేగు పీల్చుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో దాదాపు 95 శాతం కొవ్వు కథ అక్కడితో సరి. పెద్ద పేగులో కాపురముండే బాక్టీరియాకు చేరేది ఆ మిగులూ, కాస్త పైత్యరసమూ. ఈ మిగులు పెరిగినా, బాక్టీరియా తన చోటు వదిలి పైకి, చిన్న పేగులోకి ఎక్కినా గొడవ మొదలవుతుంది.

మలం తేలుతోంది, జిడ్డు మాత్రం లేదు

ఇది గ్యాస్ పని. తేలే మలంలోంచి గ్యాస్ తీసేస్తే మునిగిపోతుందని 1972లోనే ప్రయోగం చేసి చూపించారు. పీచు, పిండి పదార్థాలు పులిసి పుట్టిన గ్యాస్ అది. కొవ్వు మానేసి లాభం లేదు, టెన్షన్ కూడా అక్కర్లేదు.

మలం పాలిపోయి, జిడ్డుగా, భరించలేని వాసనతో ఉంది. నీళ్లు పోసినా అంటుకుపోతోంది

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కొవ్వు ఒంటికి పట్టట్లేదని అర్థం. ముందు అనుమానించాల్సింది క్లోమాన్నీ, పైత్యనాళాన్నీ, చిన్న పేగు లోపలి పొరనీ. బాక్టీరియా వంతు ఆ తర్వాతే.

బాక్టీరియా వల్లే అయితే జరిగేది ఇదీ. పైత్యరసంలో సబ్బులా పనిచేసి కొవ్వును విడగొట్టేవి పైత్య లవణాలు. వాటికి గ్లైసిన్ గానీ టారిన్ గానీ (రెండూ చిన్న అమైనో ఆమ్లాలు) తోకలా అతుక్కుని ఉంటుంది. బాక్టీరియా ఆ తోక కత్తిరిస్తుంది. పెద్ద పేగులో కత్తిరిస్తే నష్టం లేదు, కొవ్వు అప్పటికే ఒంట్లోకి ఎక్కేసి ఉంటుంది. చిన్న పేగులోనే కత్తిరిస్తే, గిన్నె తోమకముందే సబ్బు కడిగేసినట్టే. కొవ్వుతో పాటు ఎ, డి, ఇ విటమిన్లూ చేజారతాయి. పేగు కదలిక మందగించినవాళ్లలో, పేగుకు ఆపరేషన్ అయినవాళ్లలో ఇది ఎక్కువ. రక్తపరీక్షలో బి12 విటమిన్ తగ్గి, ఫోలేట్ అనే మరో బి విటమిన్ పెరిగి కనిపిస్తే అనుమానం బలపడుతుంది.

మిగిలిన కొవ్వు పెద్ద పేగుకు చేరాక ఇంకో తమాషా ఉంది. అక్కడి బాక్టీరియా కొవ్వులోని ఒలియిక్ ఆమ్లాన్ని హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆముదంలో ఉండే రిసినోలియిక్ ఆమ్లానికి ఇది దగ్గరి చుట్టం! పేగు నీళ్లు వదలక ఏం చేస్తుంది?

పరిష్కారం కారణాన్ని బట్టి మారుతుంది. మలంలో ఎలాస్టేజ్ (క్లోమం వదిలే ఇంకో ఎంజైము) పరీక్షతో క్లోమం సంగతి తెలుస్తుంది. లోపం అక్కడుంటే భోజనంతో పాటు ఎంజైము గుళికలు ఇస్తారు. శ్వాస పరీక్షలో చిన్న పేగులో బాక్టీరియా ఉన్నట్టు బయటపడితే డాక్టరు యాంటీబయాటిక్ రాస్తారు. పేగు మందగించడానికి మూలం సరిచేయకపోతే సమస్య మళ్లీ తిరిగొస్తుంది. బరువు తగ్గుతున్నా, కళ్లు పచ్చబడినా, మలం సుద్దలా తెల్లబడి మూత్రం ముదురు రంగుకు మారినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నీళ్ల విరేచనాలు, ఆపుకోలేనంత తొందర

పిత్తాశయం తీసేసినవాళ్లలో, చిన్న పేగు చివరి భాగం పాడైనవాళ్లలో ఇది తరచూ చూస్తాం. పైత్యరసంలో చాలావరకు ఆ చివరి భాగమే తిరిగి పీల్చుకుని కాలేయానికి పంపాలి. పంపకపోతే అది పెద్ద పేగులోకి జారుతుంది. అక్కడి బాక్టీరియా అందులోని కోలిక్ ఆమ్లం అనే పైత్య ఆమ్లాన్ని డీఆక్సీకోలిక్ ఆమ్లంగా మారుస్తుంది, అది పేగు గోడను రేపి నీళ్లు ఊరేలా చేస్తుంది.

దీనికి కొలెస్టిరమైన్ పొడి ఉంది. పైత్య ఆమ్లాలను పట్టి బంధిస్తుంది. కాకపోతే మిగతా మందులనూ అలాగే పట్టేస్తుంది కాబట్టి, వాటిని దీనికి గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. కొవ్వు కొంచెం తగ్గించినా తేడా కనిపిస్తుంది.

తిన్నాక గంటల తరబడి కడుపు బరువు

ఇందులో బాక్టీరియా తప్పేమీ లేదు. కొవ్వు తగలగానే చిన్న పేగు ఒక హార్మోను వదిలి జీర్ణాశయాన్ని నెమ్మదించమంటుంది. ఒకేసారి అంతా కాకుండా రెండు మూడు విడతలుగా తినండి.