వానలకు ముందే తిరుపతి, చిత్తూరు ఆఫీసుల ఫోన్లను కలుపుతున్నారా? తీసుకోవలసిన జాగ్రత్తలు

తిరుపతిలో ఆఫీసు, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీయో గోడౌనో ఉన్నవారికి రెండు చోట్ల ఉన్న ఈపీఏబీఎక్స్‌లను (ఆఫీసు లోపలి ఫోన్లను కలిపే బోర్డులను) ఇంటర్నెట్ లైను మీదుగా కలుపుకోవాలనే ఆలోచన రావడం సహజమే. సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న గుమాస్తాను పక్క గదిలో ఉన్నవాడిలా మూడంకెలు నొక్కి పిలవగలగడం నిజంగా సౌకర్యం. అయితే ఈ పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ముందుగా తేల్చుకోవాలి. మన ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన సంగతి ఇక్కడివారెవరూ మరచిపోలేదు. కాబట్టి సెప్టెంబరు సగానికల్లా పని ముగించి రెండు వారాలైనా పరీక్షించుకోగలిగితేనే ఇప్పుడు మొదలుపెట్టండి, లేకపోతే జనవరి దాకా ఆగండి. మామిడికాయల లారీలు గేటు ముందు బారులు తీరే జూన్, జూలై నెలల్లో మాత్రం ఈ పని అసలు తలపెట్టకండి.

వైరు ముట్టుకునే ముందు కాగితం మీద తేల్చవలసినది నంబర్ల సంగతి. చాలా ఆఫీసుల్లో రెండు చోట్లా ఎక్స్‌టెన్షన్లు 201తోనే మొదలవుతాయి. కలిపాక తిరుపతి అకౌంట్స్‌కు చేసిన కాల్ చిత్తూరు స్టోర్స్‌లో మోగుతుంది. ఒక ఊరికి 2తో, మరొక ఊరికి 3తో మొదలయ్యేలా మార్చి, కొత్త పట్టికను వారం ముందే ప్రతి బల్ల మీదా అంటించండి. 1తో, 0తో మొదలయ్యే ఎక్స్‌టెన్షన్లు పెట్టవద్దు. 112, 108, 101 లాంటి అత్యవసర నంబర్లకూ, బయటి లైను తీసుకునే అంకెకూ అవి అడ్డు తగులుతాయి.

ఇక లైను విషయం. "మాకు 100 ఎంబీపీఎస్ ఉంది, ఫోను ఎంత?" అని చాలామంది అంటారు. నిజమే, మాటను అంకెలుగా మార్చే జి.711 పద్ధతిలో ఒక కాల్‌కు ఒక్కో దిశలో 64 కిలోబిట్ల మాట, దానికి తోడయ్యే హెడర్లు (చిరునామా వివరాలు) కలిపి సుమారు 87 కిలోబిట్లే పడుతుంది. వీపీఎన్ (ఇంటర్నెట్ మీద రెండు ఆఫీసుల మధ్య వేసుకునే గుప్త దారి) కూడా ఉంటే 100 దాటుతుందనుకుని లెక్క వేసుకోండి. ఎనిమిది మంది ఒకేసారి మాట్లాడినా అటూ ఇటూ ఒక్కో ఎంబీపీఎస్ చాలు. అసలు చిక్కు వేగంలో లేదు, మాట సమయానికి చేరడంలో ఉంది. ఫైలు రెండు సెకన్లు ఆలస్యంగా వస్తే ఎవరూ పట్టించుకోరు, మాట అలా వస్తే సంభాషణే సాగదు. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు మించకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికం ప్రమాణం జి.114 చెబుతుంది. మాటను ముక్కలుగా మోసుకెళ్లే ప్యాకెట్ల నష్టం ఒక శాతం లోపు, రాకల్లో హెచ్చుతగ్గులు 30 మిల్లీసెకన్ల లోపు ఉండేలా చూసుకోండి. ఈ కొలతలు తెల్లవారుజామున కాకుండా ఆఫీసు పూర్తి పనిలో ఉన్నప్పుడు తీయాలి. నేను చూసిన ఒకచోట రోజూ సాయంత్రం ఆరు కాగానే మాట తెగిపోయేది. లైను ఇచ్చినవారిని వారం రోజులు తిట్టుకున్న తరువాత, ఫ్యాక్టరీ సీసీ కెమెరాల రికార్డింగు ఆ వేళకే తిరుపతికి అప్‌లోడ్ అవుతోందని తెలిసింది. ఆ పనిని అర్ధరాత్రికి మార్చి, రూటరులో మాటల ప్యాకెట్లకు ముందు వరుస ఇచ్చాక సమస్య తీరింది. అయితే రూటరులో ఇచ్చిన ప్రాధాన్యం మీ గుమ్మం దాటేవరకే పనిచేస్తుంది. మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో ఆ తరువాత దాన్ని ఎవరూ లెక్కచేయరు. ఫోను మీదే వ్యాపారం నడిచేవారు తమకు మాత్రమే కేటాయించే లీజు లైనుకు ఖర్చు పెట్టడం న్యాయమని నా అభిప్రాయం.

మొదటి రోజు అందరినీ తికమక పెట్టేది ఒకవైపే వినిపించే మాట. నేను తిరుపతిలో కూర్చుని మొదటి టెస్ట్ కాల్ చేసినప్పుడు ఫోను మోగింది, అవతల ఎత్తారు, ఆ తరువాత అంతా నిశ్శబ్దం. పది నిమిషాలకు స్టోర్స్ కుర్రవాడు సెల్లు నుంచి చేసి, "సార్, మీరు హలో హలో అంటా ఉండేది నాకు బాగా ఇనపడతా ఉంది, నేను మాట్లాడేదే మీ దాకా రాలేదు" అన్నాడు. కాల్‌ను కలిపే సందేశాలు (వీటి పద్ధతి పేరు సిప్) ఒక దారిన, మాట మరో దారిన వెళ్లడం, మధ్యలోని రూటరు చిరునామాలు మార్చడం దీనికి కారణాలు. రూటరులో సిప్ సందేశాలను దారిలోనే సవరించే సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయాన్ని ఆపివేసి, రెండు బోర్డులనూ వీపీఎన్ లోపలి చిరునామాలతోనే మాట్లాడుకునేలా పెడితే ఈ జబ్బు చాలావరకు రాదు.

వీపీఎన్ అవసరమవడానికి అంతకంటే పెద్ద కారణం దొంగలు. సిప్ వాడే 5060 పోర్టును (కాల్స్ వచ్చే తలుపు లాంటిది) బయటికి తెరిచి ఉంచితే, దాన్ని వెతికిపట్టే ప్రోగ్రాములు పాస్‌వర్డులు ప్రయత్నించడం మొదలుపెడతాయి. ఎక్స్‌టెన్షన్ నంబరునే పాస్‌వర్డుగా పెట్టిన బోర్డు నుంచి సెలవు రోజు రాత్రి విదేశాలకు కాల్స్ వెళ్లి, బిల్లు వచ్చేదాకా తెలియని ఘటనలు జరుగుతూనే ఉన్నాయి. ఐఎస్‌డీని బోర్డులోనే కాకుండా, లైను ఇచ్చిన సంస్థ వద్ద కూడా మూయించండి.

బయటి కాల్స్ అన్నీ తిరుపతి లైన్ల మీదుగానే వెళ్లేలా పెట్టడం కొందరికి పొదుపుగా తోస్తుంది. దయచేసి అలా చేయకండి. చిత్తూరు ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర మంట లేచి ఎవరైనా 101 నొక్కితే, ఆ కాల్ తిరుపతి నుంచి వెళుతుంది, ఫైరింజను కదలవలసిన ఊరు మారిపోతుంది. అత్యవసర నంబర్లు ఏ ఊరి నుంచి నొక్కితే ఆ ఊరి లైను మీదుగానే బయటికి పోవాలి. ఇంకొక మాట: ఒక ఊరి ల్యాండ్‌లైనుకు వచ్చిన బయటి కాల్‌ను ఈ లింకు మీదుగా దాటించి, రెండో ఊరి ల్యాండ్‌లైను ద్వారా బయటి నంబరుకు కలిపి దూరపు ఛార్జీ తప్పించుకోవడం టెలికం నిబంధనలకు విరుద్ధం. మీ ఏర్పాటు ఎంతవరకు చెల్లుతుందో లైను ఇచ్చిన సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

పాత రాగి తీగ ల్యాండ్‌లైనుకు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల కరెంటు వచ్చేది కాబట్టి ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఫైబరు లైనుకు ఆ భాగ్యం లేదు. బోర్డుకు యూపీఎస్ పెట్టి, గోడ మీది ఫైబరు పెట్టెను, రూటరును, ఫోన్లకు కరెంటు ఇచ్చే స్విచ్‌ను మరచిపోతే ఆ యూపీఎస్ ఎందుకూ కొరగాదు. మెయిన్ స్విచ్ దించి, నాలుగూ ఎంతసేపు నిలుస్తాయో గడియారం చూసి రాసుకోండి. పిడుగుల విషయంలో, ఒకే ఆవరణలో రెండు కట్టడాల మధ్య రాగి తీగ లాగకుండా ఫైబరు వేయడం మేలు. బయటి నుంచి వచ్చే ప్రతి రాగి జతకూ పిడుగు పోటును ఆపే సర్జ్ ప్రొటెక్టరు ఉండాలి, దాని ఎర్తు తీగ నిజంగా ఎర్తు గుంత దాకా వెళ్లిందో లేదో కళ్లతో చూడాలి. మన నేలలు ఎండాకాలంలో ఎండిపోతాయి కాబట్టి గుంతలో నీళ్లు పోసి, టెస్టరుతో కొలిపించి, 5 ఓమ్‌ల లోపు ఉండేలా చూడండి.

పాత అనలాగ్ బోర్డును గేట్‌వేతో (పాత లైనును ఇంటర్నెట్ ఫోనుకు జతచేసే పెట్టెతో) కలిపేవారు, అవతలివారు పెట్టేశాక లైను వెంటనే విడుదలవుతోందో లేదో తప్పక పరీక్షించాలి. కాకపోతే సాయంత్రానికి లైన్లన్నీ బిజీగా ఉండిపోతాయి. ఫ్యాక్స్ వాడేవారు దానికి టి.38 (ఇంటర్నెట్ మీదుగా ఫ్యాక్స్ పంపే పద్ధతి) ఉందో చూసుకోవాలి, లేదా ఫ్యాక్స్‌ను పాత లైను మీదే వదిలేయాలి.

పాత లైన్లను ఒక వానాకాలం గడిచేదాకా రద్దు చేయించకండి. రెండో దారిగా మరో సంస్థ ఫైబరు తీసుకుంటే అది ఏ కాలువలో వస్తుందో అడగండి. రెండూ ఒకే గుంతలో ఉంటే ఒక్క జేసీబీ దెబ్బకు రెండూ పోతాయి. సిమ్ కార్డు రూటరును ఆసరాగా పెట్టుకుంటే, దానికి సాధారణంగా బయటినుంచి చేరగల చిరునామా ఉండదు కాబట్టి వీపీఎన్‌ను ఆ వైపు నుంచే మొదలయ్యేలా అమర్చాలి. ఇవన్నీ అయ్యాక, ఒక మామూలు పనిదినాన ఉదయం పదకొండు గంటలకు, ముందే చెప్పి, లింకు తీగను మీ చేతులతో ఊడదీయండి. చిత్తూరు గేటు దగ్గరి కాపలాదారు అప్పుడు కూడా తిరుపతికి ఎలా ఫోను చేయాలో ఎవరినీ అడగకుండా చేయగలిగితే తీగను తిరిగి పెట్టండి, చేయలేకపోతే అతని బల్ల మీద అంటించిన కాగితాన్ని మళ్లీ రాయండి.