చిక్కని శత్రువు కోసం వేట: థ్రిల్లర్ నవల రాయాలంటే

ముందు శత్రువు ముఖం కాదు, అతని అలవాట్లు రాసుకోండి. పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో బిన్ లాడెన్ దాక్కున్న ఇల్లే తీసుకోండి: అంత పెద్ద ఇంటికి ఫోన్ లేదు, ఇంటర్నెట్ లేదు, చుట్టుపక్కల వాళ్లు చెత్త బయట పెడుతుంటే వీళ్లు మాత్రం గోడల లోపలే తగలబెట్టుకునేవాళ్లు, చివరికి ఆ జాగ్రత్తే అనుమానం పెంచింది. అక్కడికి దారి చూపింది ఒక కొరియర్, అంటే బిన్ లాడెన్ సందేశాలు చేరవేసేవాడు, ఏళ్ల తరబడి ఓపిగ్గా వెతికితే దొరికిన మనిషి. మీ వేటగాడికీ ఇలాంటి చిన్న ఆనవాలే ఇవ్వండి, పేజీకో తుపాకీ వద్దు. నాకైతే అసలు టెన్షన్ ఆ ఎదురుచూపులోనే ఉంటుంది. 2011 మే 2న అమెరికా సైనికులు దాడికి వెళ్లినప్పుడు కూడా లోపల ఉన్నది అతనేనని నూటికి నూరు పాళ్లు తేలలేదు. ఆ సందేహాన్ని ఆఖరి అధ్యాయం దాకా మోయించండి. ఆ ఇంట్లో పిల్లలూ ఉన్నారు, తలుపు బద్దలయ్యే సీన్ రాసేటప్పుడు అది మర్చిపోకండి.