అమ్మానాన్నలతో లాస్ వేగస్: స్ట్రిప్ మీద పెద్ద హోటల్లో దిగేవాళ్లకు

వేగస్‌లో పెద్ద హోటళ్లు వరసగా ఉండే ప్రధాన రోడ్డే స్ట్రిప్. అక్కడ గది అద్దె హోటల్ పేరును బట్టి ఎంత మారుతుందో, తేదీని బట్టి అంతకన్నా ఎక్కువ మారుతుంది. ఆదివారం నుంచి గురువారం దాకా చవక, శుక్ర శనివారాలు ప్రియం. అదే గది శనివారం రాత్రికి రెండు మూడు రెట్లు పలకడం మామూలే. కన్వెన్షన్లు ఉన్న వారంలో మాత్రం ఈ లెక్క తల్లకిందులవుతుంది. జనవరి మొదట్లో సీఈఎస్ (ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన), నవంబర్ మొదట్లో సెమా (కార్ల విడిభాగాల ప్రదర్శన), 2023 నుంచి నవంబర్‌లోనే జరుగుతున్న ఫార్ములా 1 రేసు వచ్చాయంటే మంగళవారం గది కూడా మండిపోతుంది. డిసెంబర్‌లో క్రిస్మస్‌కి ముందు వారం సాధారణంగా బాగా తగ్గుతుంది. జూలైలోనూ చవకే కానీ ఎండ 40 డిగ్రీలు సునాయాసంగా దాటేస్తుంది. రెంటచింతల ఎండ చూసినవాళ్లు కూడా ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. గాలిలో తేమ ఉండదు కాబట్టి చెమట పట్టినట్టే తెలియదు, పెద్దవాళ్లు నీళ్లు తాగడం మర్చిపోయి నీరసపడిపోతారు.

అసలు ధర ఎంత

గది అద్దె మీద రిసార్ట్ ఫీజు వేస్తారు. పెద్ద హోటళ్లలో ఇది రాత్రికి 50 డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. వైఫై, జిమ్ వాడినా వాడకపోయినా కట్టాల్సిందే. ఆ రెండూ కలిపిన మొత్తం మీద 13 శాతం పైచిలుకు గది పన్ను పడుతుంది. అంటే 200 డాలర్ల గదికి 50 ఫీజు, 33 దాకా పన్ను కలిసి 283 అవుతుంది. తప్పనిసరి ఫీజులను మొదట చూపించే ధరలోనే కలపాలని 2025 మే నుంచి అమెరికాలో నిబంధన వచ్చింది కాబట్టి ఇప్పుడు కొంత నయం. పన్ను మాత్రం చివరి పేజీలో కనిపిస్తుంది. కారుంటే పార్కింగ్ కూడా చాలాచోట్ల వేరే లెక్క, రిసార్ట్ ఫీజులో కలవదు.

రద్దు చేసుకునే వీలున్న ధరకే, హోటల్ సొంత వెబ్‌సైట్లోనే బుక్ చేయండి. గడువు సాధారణంగా రెండు మూడు రోజుల ముందు దాకా ఉంటుంది. ఆ లోపు ధర తగ్గితే కొత్తది బుక్ చేసి పాతది తీసేయొచ్చు. బయటి సైట్లలో కొంటే తేదీ మార్చాలన్నా హోటల్ వాళ్లు చేతులెత్తేస్తారు. పైగా నలుగురు వెళ్లి రెండు మంచాల గది అడిగినా అది కోరికగానే రాసుకుంటారు తప్ప హామీ కాదు. రాత్రి పదకొండింటికి ఒక్క మంచం గది తాళం చేతిలో పెడితే అప్పుడు చేయగలిగింది పెద్దగా ఉండదు.

ఏ హోటల్

ఎవరితో వెళ్తున్నారన్నదే ఇక్కడ తేల్చాల్సిన విషయం. ఇద్దరే వెళ్తే బెల్లాజియో, విన్, సీజర్స్ ప్యాలెస్ ఏదైనా బాగానే ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, చిన్నపిల్లలు ఉంటే క్యాసినో లేని హోటల్ చూడడం మేలని మా అభిప్రాయం. వేగస్ క్యాసినోల్లో సిగరెట్ కాల్చడానికి అనుమతి ఉంది. లిఫ్ట్ దగ్గరికి వెళ్లాలన్నా చాలా హోటళ్లలో ఆ పొగలోంచే, జూదం మెషీన్ల మోతలోంచే నడవాలి. ఆస్తమా ఉన్నవాళ్లకు రోజుకు నాలుగైదు సార్లు అది నరకమే.

వీడారా, వాల్డార్ఫ్ ఆస్టోరియా, మాండలే బే టవర్ పై అంతస్తుల్లో ఉండే ఫోర్ సీజన్స్, ఎంజీఎం గ్రాండ్ వెనకాల సిగ్నేచర్: వీటిలో క్యాసినో లేదు. వీడారా నుంచి బెల్లాజియోకి నడిచి వెళ్లేదారి ఉంది కాబట్టి ఫౌంటెన్లు దగ్గరే. క్యాసినో ఉన్నా పొగ వద్దనుకుంటే పార్క్ ఎంజీఎం చూడండి, అక్కడ లోపలంతా ధూమపాన నిషేధం.

వెనీషియన్‌లో గదులన్నీ సూట్లే (పడక, హాలు కలిసిన పెద్ద గదులు), మామూలువే 650 చదరపు అడుగులకు తగ్గవు. కుటుంబానికి ఇది చాలా సౌకర్యం. కానీ అక్కడ హాలు భాగం మంచం ఉన్న చోటు కన్నా పల్లంలో ఉంటుంది, మధ్యలో రెండు మూడు మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను సోఫా మీద పడుకోబెడితే అర్ధరాత్రి చీకట్లో బాత్రూమ్‌కి ఆ మెట్లెక్కి రావాలి. వాళ్లకు పై మంచం ఇచ్చి, కుర్రాళ్లు కింద పడుకోవాలి.

బెల్లాజియోలో ఫౌంటెన్ వైపు గదికి అదనంగా కట్టడం దండగ కాదు. గదిలో టీవీ ఛానెల్ పెడితే ఫౌంటెన్ పాట వినిపిస్తుంది. మధ్యాహ్నం అరగంటకోసారి, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా పావుగంటకోసారి ఆట నడుస్తుంది. నడవలేని నాన్నగారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని చూడొచ్చు.

తిండి, ఫ్రిజ్, కెటిల్

చాలా లగ్జరీ గదుల్లో కాఫీ మేకర్ గానీ కెటిల్ గానీ మైక్రోవేవ్ గానీ ఉండవు. మీరు కింద కాఫీ కొనుక్కోవాలనే ఉద్దేశం. ఫ్రిజ్ ఉంటుంది కానీ అది మినీబార్ (అమ్మకానికి పెట్టిన డ్రింకులతో నిండినది), అందులో మన పెరుగు డబ్బా పెట్టే చోటుండదు. కొన్ని హోటళ్లలో సీసాల కింద సెన్సార్లు ఉంటాయి. బాటిల్ ఎత్తి రేటు చూసి కొద్ది సెకన్లలో వెనక్కి పెట్టకపోతే బిల్లు పడిపోతుంది. అడ్డుగా ఉన్నాయని పక్కకు జరిపి మన పులిహోర పెడితే వరసగా అన్నిటికీ పడుతుంది. పిల్లలకు ముందే చెప్పండి. మందులు చల్లగా ఉంచాలంటే విడి ఫ్రిజ్ కావాలని ఫ్రంట్ డెస్క్‌లో అడగాలి. ఇన్సులిన్ అని చెబితే చాలాచోట్ల డబ్బు తీసుకోకుండా ఇస్తారు.

అమ్మ ఇంటి నుంచి తెచ్చిన కెటిల్ ఇక్కడ పనికిరాదు. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మన 230 వోల్టుల కెటిల్‌కి అడాప్టర్ పెట్టినా నీళ్లు గోరువెచ్చన కావడానికే చాలాసేపు పడుతుంది. ఇక్కడే చిన్నది కొనుక్కెళ్లండి. గదిలో రైస్ కుక్కర్ వద్దు, వంట సామాను హోటళ్లు ఒప్పుకోవు, ఆవిరికి పొగ అలారం మోగితే అదో గొడవ. రెండు పూటలైనా వేడన్నం కావాలంటే కిచెనెట్ (చిన్న వంటగది) ఉన్న సూట్లు తీసుకోవాలి. సిగ్నేచర్‌లో, వీడారాలో ఉంటాయి. బుక్ చేసేటప్పుడు పొయ్యి ఉందా, మైక్రోవేవ్ మాత్రమేనా అని చూసుకోండి, గది రకాన్ని బట్టి మారుతుంది.

దిగేరోజు

హ్యారీ రీడ్ విమానాశ్రయంలో ఊబర్, లిఫ్ట్ (Lyft) క్యాబ్‌లు ఎక్కాలంటే సామాను తీసుకుని పార్కింగ్ గ్యారేజీలోకి నడవాలి. టాక్సీ లైన్ బ్యాగేజీ హాలు బయటే ఉంటుంది, స్ట్రిప్ హోటళ్లకు జోన్ల వారీగా నిర్ణీత ధర. పెద్దవాళ్లుంటే టాక్సీయే సుఖం.

గది ఎవరి పేరున ఉందో ఆ మనిషికి 21 ఏళ్లు నిండాలి. ఫొటో ఐడీ, అదే పేరుతో క్రెడిట్ కార్డు అడుగుతారు. చెక్ ఇన్ సాధారణంగా మధ్యాహ్నం 3 గంటలకు. ముందే వస్తే సామాను బెల్ డెస్క్‌లో (సామాను భద్రపరిచే కౌంటర్) పెట్టి తిరిగి రండి, ముందస్తు చెక్ ఇన్‌కి చాలాచోట్ల డబ్బు తీసుకుంటారు. శుక్రవారం సాయంత్రం క్యూ తిరుమల కంపార్ట్‌మెంటును తలపిస్తుంది కాబట్టి యాప్‌లో ముందే పూర్తి చేసుకోవడం మంచిది. రెండు మంచాలు, లిఫ్ట్‌కి దగ్గరి గది లాంటివి కావాలంటే మాత్రం మనిషితో మాట్లాడాలి. ఈ హోటళ్లలో లిఫ్ట్ దిగాక వరండా చివరికి వెళ్లడమే ఒక నడక.

ఐడీకి, కార్డుకి మధ్య 20 డాలర్ల నోటు పెట్టి మంచి గది అడగడం వేగస్‌లో పాత అలవాటు. వారం మధ్యలో, గదులు ఖాళీగా ఉన్నప్పుడు పనిచేయొచ్చు. నిండిపోయిన శనివారం దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

కార్డు మీద రాత్రికి ఇంత అని డిపాజిట్ ఆపుతారు, 50 నుంచి 150 డాలర్లు లేదా ఇంకా ఎక్కువ. క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే ఆ డబ్బు ఖాతాలో నిజంగానే స్తంభించిపోయి, వెళ్లిపోయాక వారం దాకా తిరిగి రాకపోవచ్చు.

బయట, క్యాసినోలో

ఎదురుగా కనిపించే హోటల్ దగ్గరే అనిపిస్తుంది కానీ ఇరవై నిమిషాలు పడుతుంది. మాండలే బే, లక్సర్, ఎక్స్‌కాలిబర్ మధ్య, అలాగే పార్క్ ఎంజీఎం, ఆరియా, బెల్లాజియో మధ్య ట్రామ్ ఉచితం. మోనోరైల్‌కి టికెట్ కొనాలి, స్టేషన్లు తూర్పు వైపు హోటళ్ల వెనకాల ఉంటాయి. రోడ్డు దాటే పాదచారుల వంతెనల మీద ఆగి ఫొటోలు తీసుకోవద్దు. 2024 జనవరిలో తెచ్చిన కౌంటీ చట్టం ప్రకారం అక్కడ ఆగడమే నేరం.

పిల్లలు క్యాసినోలోంచి నడిచి వెళ్లొచ్చు, ఆగకూడదు. బ్లాక్‌జాక్ (21 లెక్క మీద ఆడే పేకాట) ఆడాలనుకుంటే, గెలిస్తే ఎంత ఇస్తారో బల్ల మీద రాసింది చదవండి. 10 డాలర్ల పందెం మీద బ్లాక్‌జాక్ పడితే, అంటే మొదటి రెండు ముక్కల్లోనే 21 వస్తే, 3కి 2 బల్ల మీద 15 వస్తుంది, 6కి 5 బల్ల మీద 12 మాత్రమే. రూలెట్‌లో (చక్రం తిప్పి బంతి ఏ అంకెలో ఆగుతుందో పందెం కాసే ఆట) మూడు సున్నాలున్న చక్రం దగ్గర కూర్చోవద్దు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు స్లాట్ మెషీన్‌లో పెద్ద జాక్‌పాట్ తగిలితే 30 శాతం పన్ను అక్కడికక్కడే కోస్తారు. బ్లాక్‌జాక్, రూలెట్ గెలుపులకు ఆ కోత లేదు.

బయల్దేరే ముందు రాత్రి టీవీలోనో యాప్‌లోనో బిల్లు తెరిచి ఒక్కో గీతా చూడండి. తాగని నీళ్ల బాటిల్, రెండుసార్లు పడిన పార్కింగ్ తరచుగా కనిపించేవి. ఉదయం 11 గంటలకు చెక్ అవుట్ చేసేలోపు ఫ్రంట్ డెస్క్‌కి ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో తీసేస్తారు. ఇల్లు చేరాక అడిగితే మెయిళ్లు రాసుకుంటూ కూర్చోవాలి.