టాంజానియా సిస్టర్‌తోనో జర్మనీ సిస్టర్‌తోనో స్నేహం చేయాలంటే

మా పిన్ని బెనెడిక్టైన్ సిస్టర్, అంటే పునీత బెనెడిక్టు నియమావళి ప్రకారం మఠంలో ఉండే కాథలిక్ సన్యాసిని. ఆమెకు టాంజానియాలో ఒకరు, జర్మనీలో ఒకరు స్నేహితురాళ్లు ఉన్నారు. వాళ్లూ బెనెడిక్టైన్లే, పరిచయమై పదిహేనేళ్లు దాటింది. పిన్ని సెలవులకు అనంతపురం వచ్చినప్పుడల్లా కవర్లు అంటించడం, పార్శిల్ కట్టడం, ఫోన్ కలపడం నా పనే కాబట్టి, ఈ వ్యవహారం ఎక్కడ బెడిసికొడుతుందో నాకు బాగానే తెలుసు. మన వైపు నుంచి మఠాల్లో చేరిన అమ్మాయిలకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నా.

ముందు మదర్‌ని, అంటే మఠం పెద్దని, అడగండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. పునీత బెనెడిక్టు ఆరో శతాబ్దంలో రాసిన నియమావళి 54వ అధ్యాయంలోనే ఉంది: పెద్దల అనుమతి లేకుండా ఉత్తరాలు, కానుకలు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు, కన్న తల్లిదండ్రుల నుంచైనా సరే. పిన్ని మొదటి ఉత్తరం చెప్పకుండా పోస్టులో వేసి చీవాట్లు తిన్నది. ఇంకో సంగతి, బెనెడిక్టైన్లకు అందరినీ నడిపే ఒక్క హెడ్డాఫీసు ఉండదు, మఠాలు చాలావరకు దేనికది సొంతంగా నడుస్తాయి. అందుకే మీ మదర్ అవతలి మదర్‌కు రాస్తేనే దారి తెరుచుకుంటుంది. ప్రపంచంలోని బెనెడిక్టైన్ సిస్టర్ల మఠాలను కలిపే కమ్యూనియో ఇంటర్నాషనాలిస్ బెనెడిక్టినారుమ్ అనే సంఘం ఉంది, ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా మఠాలకు తోడుగా 1961లో మొదలైన ఎయిమ్ అనే సంస్థ ఉంది. పెద్దలకు పరిచయాలు ఎక్కువగా ఇలాంటి చోట్లే అవుతాయి.

వీళ్ల స్నేహాలకు ఒక సౌకర్యం ఉంది. బెనెడిక్టైన్లు తీసుకునే ప్రతిజ్ఞల్లో ఒకటి ఆ మఠాన్నే అంటిపెట్టుకుని ఉంటామని. మిషనరీ శాఖల్లో బదిలీలు ఉంటాయి గానీ, మిగతావాళ్ల అడ్రస్ ముప్పై ఏళ్లయినా మారదు. కాబట్టి తొందరేం లేదు, ఏడాదికి మూడు ఉత్తరాలు చాలు.

ఏం రాయాలి? చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. 'మీ ప్రార్థనల్లో మమ్మల్ని తలుచుకోండి' అని నాలుగు లైన్లు రాసి ముగిస్తే అవతలివాళ్లు జవాబు ఏమని రాస్తారు? వాళ్ల బతుకంతా ప్రార్థనా పనీ. పని గురించి రాయండి. పిన్ని ఒకసారి ఉత్తరం నిండా చెనిక్కాయల సంగతే రాసింది: ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే మా జిల్లాలో వాన ఎప్పుడొస్తే విత్తుతారు, ఊడలు దిగే టైములో వాన ముఖం చాటేస్తే ఏమవుతుంది అని. టాంజానియా సిస్టర్ ఎనిమిది పేజీల జవాబు రాసింది, ఎందుకంటే వాళ్ల మఠంలోనూ చెనిక్కాయ వేస్తారు! బైబిల్ కీర్తనల గురించి రాసుకుంటే మాత్రం నంబరుతో పాటు మొదటి మాట కూడా రాయండి, పాత లాటిన్ లెక్కకూ ఇప్పటి లెక్కకూ చాలా కీర్తనల్లో ఒక అంకె తేడా వస్తుంది.

డబ్బు మాట ఎత్తకండి. అనంతపురంలో ఇది చెప్పడం కష్టం, 1969లో స్పెయిన్ సమాజసేవకుడు విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి స్పెయిన్‌కు ఉత్తరాలు రాసిన పిల్లలు పల్లెపల్లెనా ఉన్నారు, ఫారిన్ ఉత్తరం అంటే సాయం అనే ఆలోచన మనకు అలవాటైంది. అది మంచిదే, కానీ అది వేరు, ఇది వేరు. ఒక్కసారి 'మా స్కూలుకు బోరు వేయించగలరా' అని అడిగితే ఇక ఆమె మీకు స్నేహితురాలు కాదు, దాత. పైగా మఠానికి విదేశీ డబ్బు రావాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ఖాతాకే రావాలి. ఒక సిస్టర్ సొంతంగా తెప్పించుకునే విషయం కాదు.

ఫోన్ దగ్గర టైము చూసుకోండి. టాంజానియా మనకంటే ఏడాది పొడుగునా రెండున్నర గంటలు వెనక. జర్మనీ అలా కాదు, ఎండాకాలం మూడున్నర, చలికాలం నాలుగున్నర, మార్చి, అక్టోబర్ ఆఖరి ఆదివారాల్లో మారుతుంది. ఇది తెలియక ఒక నవంబర్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు కలిపాను, అక్కడ సాయంత్రం ఐదు, సరిగ్గా సాయంకాల ప్రార్థనలో ఫోన్ మోగింది. పడుకునే ముందు ప్రార్థన అయ్యాక అసలు చేయకండి, అప్పటి నుంచి మౌనం.

పార్శిల్‌లో పచ్చళ్లు, విత్తనాలు వద్దు, కారుతాయి లేదా కస్టమ్స్‌లో ఆగుతాయి. మేము ధర్మవరం పట్టు ముక్కలతో బైబిల్లో పెట్టుకునే గుర్తులు కుట్టి పంపుతాం, కవర్లోనే పడతాయి.

ఇక మనిషే వస్తే? విదేశీయులు ఇంట్లో దిగితే 24 గంటల్లో విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో వివరాలు ఇవ్వాలి, మర్చిపోతే అతిథికే టెన్షన్. టూరిస్ట్ వీసా మీద వచ్చినవాళ్ల చేత ప్రసంగాలు చేయించకండి. తిండి గురించి మేం ఊరికే భయపడ్డాం. టాంజానియా సిస్టర్ సంగటి ముద్ద చూసి 'ఉగాలి!' అని నవ్వి, మాకంటే ఒడుపుగా చేత్తో గుంట చేసి పులుసులో అద్దుకుంది. వాళ్లది మొక్కజొన్న పిండి, మనది రాగి, అంతే తేడా. ఆమె అవ్వకు స్వాహిలీ నేర్పబోయి 'దాదా అంటే అక్క' అన్నప్పుడు మాత్రం ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం, మా వీధిలో దాదా అంటే ఎవరో ఆమెకు చెప్పడానికి పది నిమిషాలు పట్టింది.

అదే నియమావళి 61వ అధ్యాయంలో, దూరం నుంచి వచ్చిన సన్యాసి వినయంగా ఏదైనా లోపం చూపితే, దేవుడు అందుకే పంపాడేమో ఆలోచించమని ఉంది. కాబట్టి వెళ్లేముందు అడగండి, మా ఇంట్లో ఏం బాగాలేదు అని. పిన్ని అడిగింది. టాంజానియా సిస్టర్ కాసేపు తటపటాయించి, 'మీ ఆడవాళ్లు వడ్డిస్తూ నిలబడే ఉన్నారు, నాతో ఒక్కరూ తినలేదు' అంది. మరుసటి రోజు పొద్దున ఉగ్గాని, బజ్జీ పెట్టినప్పుడు అవ్వ ఏమీ అనకుండా తన ప్లేటు తెచ్చుకుని ఆమె పక్కన కూర్చుంది.